ఇంగితం



"ఇంగితం లేదా?" అని పిల్లల్ని కసురుతుంటాం. ఇంగితమంటే మొదట కదలిక, సైగ. ఆపైన ఆ సైగ వెనుకనున్న మనోభావం. దాన్ని గ్రహించే నేర్పు ఇంగితజ్ఞానం. వాడుకలో అది వట్టి లోకజ్ఞానమైపోయింది, పాపం!

కానాపల్లె పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోయిందని మరియమాతకు ఎవరు చెప్పారో పునీత యోహానుగారు వ్రాయలేదు. పెళ్ళివారి ముఖాలు చూసే ఆ తల్లి గ్రహించి ఉంటుంది. కుమారునితోనూ లోటు చెప్పిందేగాని, ఫలానాది చెయ్యమనలేదు.

కోడి కూసినప్పుడు ప్రభువు వెనుదిరిగి పేతురుగారివైపు చూశారని లూకాగారొక్కరే వ్రాశారు. మాట లేదు. పేతురుగారు బయటికి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చారు.

మరి ప్రభువు ఆ చూపుతోనే సరిపెట్టారా? ఉత్థానమైన పిదప తిబేరియా సరస్సు ఒడ్డున, తనను ప్రేమిస్తున్నావా అని ముమ్మారు అడిగి నోటితో చెప్పించుకున్నారు. ముమ్మారు ఎరుగనని బొంకిన నోరది.

"దేవునికి తెలియదా ఫాదర్!" అని పాపసంకీర్తనం తప్పించుకునేవారున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్యతో ఒక్క మంచిమాట పలకక, "ఆమెకు తెలియదా?" అనే పెద్దమనుషులూ ఉన్నారు. పేతురుగారి మనసు ప్రభువుకు తెలియదా? అయినా అడిగారు.