సంతకం చేయని పూచీ

అప్పుకు పూచీ పడేవాడు సంతకం చేయాలి. చేయనివాడి మీద వసూలుకు వెళ్లకూడదు. బ్యాంకు ఉద్యోగంలో నేను మొట్టమొదట నేర్చుకున్న సంగతి ఇది. మన ప్రాంతపు రైలు మార్గాల పుట్టుక చూస్తే మాత్రం ఈ న్యాయం అక్కడ తలకిందులైనట్టు కనిపిస్తుంది.

మద్రాసు రైల్వే కంపెనీ 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా తొలి బండి నడిపింది. 1864లో జోలార్‌పేట నుంచి కుప్పం, బౌరింగ్‌పేటల మీదుగా బెంగుళూరుకు దారి వేసింది. ఆ బౌరింగ్‌పేటే నేటి బంగారపేట. పెట్టుబడి ఇంగ్లండు వాటాదారులది. వారికి ఏటా సుమారు 5 శాతం రాబడికి ప్రభుత్వం పూచీ పడింది. బండ్లు అంత సంపాదించకపోతే తక్కువైన సొమ్ము ఇండియా ఖజానా కట్టాలి. ఖజానాకు ప్రధాన ఆదాయం భూమిశిస్తు. అంటే అసలు పూచీదారు రైతు. అతన్ని అడిగినవారు లేరు.

తర్వాత బంగారు గనుల కోసం 1894లో బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా సుమారు 16 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ పడింది. ఇది మైసూరు సంస్థానపు దారి. జిల్లా కేంద్రమైన కోలారుకు రైలు వచ్చింది 1913లో, అదీ నేరోగేజ్ మీద. ముందు గని, తర్వాత ఊరు. దారి ఎవరి అవసరానికి పుట్టిందో ఈ తేదీలే చెబుతాయి.

దీనికి మిత్రులు చెప్పే జవాబు ఒకటుంది, బలమైనదే. 2001లో గనులు మూతపడ్డాయి. బంగారం పోయింది, పట్టాలు మిగిలాయి. రోజూ వేలమంది ఆ బండ్లెక్కి బెంగుళూరు పనులకు వెళ్లి వస్తున్నారు. ఆ దారే లేకపోతే ఈ కుటుంబాల గతేమిటి? ఇంకా పాత లెక్కలు తవ్వడం ఎందుకు?

నాకు తెలిసిన పద్దుల భాషలోనే సమాధానం చెబుతాను. ఒకరి ఖాతాలో జమ పడినంత మాత్రాన మరొకరి బాకీ తీరిపోదు. నేటి ప్రయాణికుడికి కలిగిన మేలు నిజమే. ఆనాడు శిస్తు కట్టిన రైతుకు అది చేరలేదు. అతని తరఫున చెల్లు రాసిచ్చే హక్కు మనకెక్కడిది? అట్లాగని పట్టాలను ద్వేషించనక్కరలేదు. వాటికి కృతజ్ఞత చెప్పదలిస్తే ముందు ఆ రైతుకు చెప్పాలి.

రేపు మన ఊరికి కొత్త దారి, కొత్త కర్మాగారం వస్తుందంటే లాభమెంత అని అడుగుతాం. నష్టం వస్తే కట్టేదెవరు, వారిని అడిగారా అని కూడా అడగాలి. ఆ పాత బాకీలో మన తరం కట్టగలిగిన వాయిదా అదొక్కటే.