మనిషివి రాలేదేం?

మా అయ్య డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఆసామి చస్తే కబురు రాగానే పోవాల్సిందే, ఒళ్ళు కాలిపోతున్నా సరే. శవం లేచిందాకా నిలబడాలి, అదీ దూరంగా. అది వెట్టి.

అదే అయ్య మా వాడలో ఎవరు పోయినా పిలవకుండానే పోయేవాడు. తెల్లార్లూ బీడీ కాల్చుకుంటా ఆ ఇంటి ముందు కూచునేవాడు. మాటా పలుకూ ఉండేది కాదు. రెండుచోట్లా ఆయన ఇచ్చింది ఒక రాత్రే. మరి ఒకటి వెట్టెందుకైంది, రెండోది చుట్టరికమెందుకైంది? వెట్టిలో 'రాను' అనే వీల్లేదు. అనగలిగి కూడా వచ్చినోడే మనోడు.

1985 జూలై 17న కారంచేడులో పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినోళ్ళు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. మా అమ్మ కూలి మానుకుని పోయి, ముక్కూమొగం తెలియని ఆడోళ్ళ మధ్య పొద్దుగూకిందాకా ఉండొచ్చింది. ఏం జేశావమ్మా అంటే "ఏంజేస్తాన్రా, కూచున్నా" అంది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. ఇట్టా కూచున్నోళ్ళ లెక్క ఎవరి దగ్గరుంటుంది?

నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, 'రాను' అనే హక్కూ వచ్చింది. ఆఫీసరు కబురంపితే మాత్రం ఇప్పటికీ పరిగెత్తుతాను. ఆ హక్కు వాడింది మా వాడ మీదే. ఎదురింటి పెద్దమ్మ కొడుకు పోతే ఐదొందలు మనియార్డరు చేసి ఊరుకున్నా. సెలవు దొరకలేదన్నది అబద్ధం. సభల్లో ఐక్యత గురించి గంటసేపు మాట్లాడేవాణ్ణి మరి!

నెల తర్వాత పోయినప్పుడు పెద్దమ్మ అడిగింది: "డబ్బులెవురడిగార్రా? మనిషివి రాలేదేం?"

ఆమె ముందు కూలబడ్డా. ఆమె చేట తీసుకుని బియ్యం చెరుగుతా ఉండిపోయింది. పొమ్మనలేదు. దీపాలు పెట్టేవేళ దాకా అట్టాగే కూచున్నాం.