చావు మాటకు పాట తోడు

శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లి అక్కడే కన్నుమూసిన కూలీలు ఎందరో దాని కార్గో గేటు గుండానే పెట్టెల్లో ఇంటికి చేరారు. కాగితాలు, సంతకాలు, అంబులెన్సు... ఇంతే. అదే ఊళ్లో అయితే డప్పు మోగుతుంది, భజన బృందం రాత్రంతా తత్వాలు పాడుతుంది. పాటకూ పాటకూ నడుమ పోయినవాడి అప్పులు, అలవాట్లు, అలకలు మాటల్లోకి వస్తాయి. దుఃఖానికి నోరు పెగిలే వ్యవధిని పాట ఇస్తుంది.

‘పొద్దున్నే ఈ అపశకునం మాటలేమిటి’ అంటారేమో. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం తెల్లవార్లూ కూర్చుని, జాషువా శ్మశాన పద్యాలకు వన్స్‌మోర్ కొట్టింది మనవాళ్లే కదా! అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. చావు డప్పును కులం పేరుతో కొందరి నెత్తిన వెట్టిగా రుద్దారు. అది నిజం. కాబట్టి పాత పద్ధతిని యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు. ఇష్టపడి వచ్చే కళాకారులకు తగిన పైకమిచ్చి, శంషాబాద్ చుట్టూ లేచిన అపార్టుమెంట్ల హాళ్లలో, బతుకమ్మకు పిలిచినట్టే పోయినవాళ్ల పాటకూ జనాన్ని పిలవవచ్చు. ఎవరినీ మాట్లాడమని బలవంతపెట్టకూడదు. విని వెళ్లేవాళ్లను విని వెళ్లనివ్వాలి.