సిగ్గు అను గడియమ్రాను

దేవనహళ్ళి బజారులో వ్యాపారము చేయువానికి నాలుగైదు భాషలతో పని పడును. ఊరి భాష కన్నడము. చిక్కబళ్ళాపురము వైపు పల్లెల నుండి వచ్చువారిలో తెలుగు మాట్లాడువారు చాలమంది కలరు. ఉర్దూ, మార్వాడీ అంగడివీధిలో వినబడుచునే ఉండును. 2008లో ఊరి ప్రక్కన విమానాశ్రయము తెరచిన తరువాత ఇంగ్లీషు కూడ గల్లాపెట్టె దాకా వచ్చినది. ఈ భాషలన్నింటను తరచుగా దొర్లు భావము ఒకటి కలదు. అది పదిమందిలో మొగము చెల్లకపోవుట. కన్నడిగులు దానిని ముజుగర అందురు. తెలుగువారు సందర్భమును బట్టి సిగ్గు, సంకోచము, మొగమాటము, చిన్నతనము అందురు. చదువుకొన్న పిల్లలు 'ఎంబరాస్ అయినాను' అనుచున్నారు. ఈ కడపటి మాట యొక్క పుట్టుక విచారించినచో వర్తకులకు పనికివచ్చు సంగతి ఒకటి అందులో దొరకును.

'ఎంబరాస్' అను క్రియను ఇంగ్లీషువారు ఫ్రెంచివారి వద్ద అరువు తెచ్చుకొన్నారు. ఫ్రెంచివారికి అది స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియను భాషల వైపు నుండి వచ్చినది. దాని మూలమును గురించి పండితులలో రెండు అభిప్రాయములు కలవు. పోర్చుగీసు భాషలో 'బరాసొ' అనగా త్రాడు, ఉరి. అందుండి పుట్టినదని కొందరు చెప్పుదురు. 'బార్రా' అనగా అడ్డుకఱ్ఱ, అందుండి పుట్టినదని మరికొందరు చెప్పుదురు. ఏది నిజమైనను, కట్టివేయుట లేక అడ్డగించుట అనునదే ఆ మాటకు తొలి అర్థము. సిగ్గు అను అర్థము అప్పటికి లేనే లేదు. బండ్లు ఒకదానికొకటి అడ్డుపడి వీధి మూసుకొనిపోయినచో ఆ చిక్కును కూడ ఫ్రెంచివారు అదే కుదురు మాటతో చెప్పుదురు. లండనులో నౌకాశాఖ ఉద్యోగియైన శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో 1664లో ఈ క్రియను వాడినాడు. ఇంగ్లీషులో దొరకిన తొలి వాడుక అదియే అందురు. 1755లో వెలువడిన జాన్సన్ నిఘంటువులో కూడ చిక్కుపెట్టుట, కలతపెట్టుట అను అర్థములే కలవు. పదిమంది ఎదుట మొగము చెల్లకపోవుట అను అర్థము క్రమముగా తరువాత స్థిరపడినది.

ఈ నడుమ ఆ మాట వర్తకుల ఇంటికి కూడ వచ్చినది. అప్పులలో చిక్కి చెల్లింపులు జరుపలేని వర్తకుని ఇంగ్లీషువారు 'ఎంబరాస్ అయినవాడు' అనిరి. చేతిలో సొమ్ము ఆడకపోవుటకును, ఎదుటివాని కన్నులలోకి చూడలేకపోవుటకును వారికి ఒకటే మాట అయినది. తెలుగువారికి ఇది వింత కాదు. 'వ్యాపారము ఇబ్బందిలో ఉన్నది' అందురు. 'నలుగురిలో అడుగుటకు ఇబ్బందిగా ఉన్నది' అందురు. 'బండి అడ్డము పెట్టి దారికి ఇబ్బంది చేసినాడు' అందురు. సొమ్ము, మొగము, దారి మూడింటికిని ఒకటే మాట చాలినది. వేల మైళ్ళ దూరమున ఉన్న రెండు జాతులు ఒకరినొకరు అడుగకయే ఈ మూడింటిని ఒక పద్దులో వ్రాసినారనగా, ఆ మూడింటికి లోపల ఏదో సంబంధము ఉండియే తీరవలెను.

ఆ సంబంధము తెలియుటకు ఈ సిగ్గు ఎట్లు పుట్టునో చూడవలెను. 1872లో ఛార్లెస్ డార్విన్ మనుష్యులలోను జంతువులలోను భావములు బయటికి కనబడు తీరును గురించి ఒక గ్రంథము ప్రకటించినాడు. సిగ్గుచే మొగము ఎఱ్ఱబారుటను గురించి అందులో ఒక అధ్యాయమే వ్రాసినాడు. కోపము, భయము జంతువులకును కలవు గాని, ఇది మనుష్యునికే ప్రత్యేకమని అతని అభిప్రాయము. ఇతరులు తన్ను గురించి ఏమనుకొనుచున్నారో అను తలపే దీనికి కారణమని అతడు నిర్ణయించినాడు.

ఈ మాట వర్తకుడు తన మనస్సుతో సరిచూచుకొనవచ్చును. తూకములో ఒక తులము తగ్గించినవాడు ఎవరును చూడనంతవరకు నిబ్బరముగానే ఉండును. ఏ తప్పును చేయనివాడు పెండ్లిలో చినిగిన చొక్కాతో కనబడినచో క్రుంగిపోవును. కాబట్టి ఈ సిగ్గు కొలుచునది తప్పును కాదు, చూచుచున్న కన్నులను. కన్నులు లేనిచోట ఇది నిద్రపోవును, కన్నులున్నచోట తప్పు లేకున్నను లేచి కూర్చుండును. ఇట్టి త్రాసును నమ్మి జీవితమును తూచరాదు.

అట్లని సిగ్గు విడిచినవాడు మంచివాడని కాదు. పని చేయక ముందు వచ్చు సిగ్గు వేరు, చేసిన తరువాత వచ్చు సిగ్గు వేరు. కల్తీ సరుకు చేతిలోనికి తీసుకొన్నప్పుడు చేయి వెనుకకు లాగునది మొదటిది. పెద్దలు లజ్జ అని మెచ్చుకొన్నది దానినే. అది కావలివాడు. రెండవది పని జరిగిపోయిన తరువాత వచ్చి, జరిగినది చెప్పనీయక నోరు నొక్కును. కోట వాకిలికి వేయు గడియమ్రాను శత్రువు రాక ముందు రక్షణ. లోపల నిప్పు అంటుకొన్న తరువాత అదే గడియమ్రాను లోపలివారిని బయటికి పోనీయదు. మ్రాను ఒకటే, సమయము మారినది.

ఉదాహరణకు ఒక వస్త్రవర్తకుని తీసుకొందము. అతడు లక్ష రూపాయల సరుకు అరువు తెచ్చినాడు. పండుగ బేరము తగ్గినది. వాయిదా నాటికి సొమ్ము చేతికి రాలేదు. ఆనాడే టోకు వర్తకుని వద్దకు పోయి 'అయ్యా, సగము ఇప్పుడు తీసుకొనుడు, మిగిలినది దీపావళికి తీర్చెదను' అనియున్నచో సంగతి ఒక గంటలో తేలిపోయి ఉండును. కాని అతనికి మొగము చెల్లలేదు. ఆ వీధిని నడచుట మానినాడు. ఫోను మ్రోగినచో 'నాన్నగారు ఇంట లేరు' అని కుమారునిచేత చెప్పించినాడు. కడకు వేరొకచోట నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి పాత బాకీ కట్టినాడు. 18 నెలలలో వడ్డీయే 36,000 రూపాయలైనది. ఆ 36,000 దేని వెల? గుడ్డల వెల కాదు, ఒక గంట సిగ్గును తప్పించుకొన్నందుకు ఇచ్చిన వెల. కుమారుడు నేర్చుకొన్న అబద్ధము ఏ ఆవర్జాలోను పడదు, కాని అదియును నష్టమే.

అవతలి టోకు వర్తకునికి కూడ మొగమాటమే. 'దూరపు చుట్టము, నోరు తెరచి ఎట్లు అడుగుదును?' అని అతడు ఊరకున్నాడు. ఎదుట అడుగనివాడు చాటున నలుగురితో చెప్పినాడు. మాట చేరవలసిన చోటికి చేరలేదు గాని, ఆ ఇంటి పిల్లకు చూచుచున్న సంబంధమువారికి మాత్రము చేరినది. ఇట్టి దాపరికములు రాత్రికి రాత్రి ఊరు విడుచుట దాకా, ప్రాణము తీసుకొనుట దాకా పోయిన ఇండ్లు వర్తకలోకమునకు తెలియనివి కావు. బ్యాంకివారు తలుపునకు నోటీసు అంటించిన నాటిదాకా భార్యకే సంగతి తెలియని ఇండ్లును కలవు.

ఇంగ్లీషువారి చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 1824లో ఛార్లెస్ డికెన్స్ తండ్రిని అప్పు తీర్చలేదని లండనులోని మార్షల్సీ చెరసాలలో పెట్టిరి. 12 ఏండ్ల కుమారుడు బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు చోట కూలికి పోయెను. ఆ బాలుడు పెరిగి ప్రపంచప్రసిద్ధ నవలాకారుడైన తరువాత కూడ ఆ సంగతి పైకి చెప్పుకొనలేకపోయెను. మిత్రుడగు జాన్ ఫార్‌స్టర్‌కు తెలిపెను గాని, లోకమునకు తెలిసినది 1870లో అతడు మరణించిన తరువాత ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్ర వలననే. తండ్రి చెరసాల నుండి కొన్ని నెలలలోనే విడుదలయ్యెను. కుమారుని సిగ్గునకు విడుదల జీవితాంతము దొరకలేదు.

దీనికి ప్రక్కన మరియొక బాలుని కథ పెట్టి చూడవలెను. ఆ కథ వ్రాసిన మహాపురుషుడు 1927 వేసవిలో ఆరోగ్యము కొరకు దేవనహళ్ళికి దగ్గరనున్న నందికొండపై విశ్రాంతి తీసుకొన్నాడు. ఆయన గాంధీజీ. 1925 చివరి నుండి 1929 దాకా ఆయన ఆత్మకథ 'నవజీవన్' పత్రికలో వెలువడుచుండెను. అందులో 15 ఏండ్ల నాటి సంగతి ఒకటి కలదు. అన్నకు సుమారు 25 రూపాయల అప్పు పడినది. అది తీర్చుటకు అన్న చేతి బంగారు కడియము నుండి గాంధీజీ ఒక ముక్క తీసినాడు. అప్పు తీరినది. పద్దు సరిపోయినది, కాని మనస్సు సరిపోలేదు. తండ్రితో నోట చెప్పుటకు ధైర్యము చాలలేదు. అందుచేత ఒక కాగితముపై వ్రాసి, తగిన శిక్ష అడిగి, ఇక మీదట దొంగతనము చేయనని మాట ఇచ్చి, తానే వణకుచు తండ్రి చేతికిచ్చినాడు. వ్యాధితో పడకపై ఉన్న తండ్రి లేచి కూర్చుండి చదివి, కన్నీరు కార్చి, ఆ కాగితము చింపివేసెను. ఒక్క తిట్టు తిట్టలేదు.

ఈ బాలునికి సిగ్గు లేకపోలేదు. నోరు పెగలనంత ఉన్నది. ఆ సిగ్గు పోవు దాకా ఆగియున్నచో ఎన్నడును చెప్పియుండడు. నోటి దారి మూసుకొన్నందున చేతి దారి వెదకినాడు. సిగ్గుపడుచునే చెప్పవచ్చును అనునది ఇందులో గ్రహింపవలసినది.

జైన శాస్త్రకారులు ఈ విషయమును మిక్కిలి సూక్ష్మముగా తఱచినారు. తత్త్వార్థసూత్రములో ప్రాయశ్చిత్తము తొమ్మిది విధములని చెప్పబడినది. వానిలో మొదటిది ఆలోచన, అనగా చేసిన దోషమును గురువు ఎదుట దాచక చెప్పుట. చెప్పిన తరువాతనే తక్కిన శిక్షలు. ఆలోచనకు పట్టు దోషములు పది అని కూడ లెక్కించినారు. ఇతరులు చూచిన తప్పును మాత్రమే చెప్పి చూడనిదానిని దాచుట ఒకటి. చిన్న తప్పులు ఏకరువు పెట్టి పెద్దదానిని మింగుట ఒకటి. గురువునకు సరిగా వినబడకుండునట్లు గోలలో చెప్పుట ఒకటి. ఈ లెక్క వ్రాసినవారు మనుష్యుని సిగ్గు ఎన్ని సందులలో దాగునో ఎఱిగినవారే. బాకీదారు పెండ్లి పందిరిలో, బాజాల నడుమ, 'ఆ సంగతి చూచుకొందము లెండి' అని జారుకొనుట ఆ గోలలోని ఆలోచన కాక మరేమి?

ఇక 22 పరీషహములలో ఆకలి, దాహము, చలి, ఎండలతో పాటు యాచనను, ఇతరుల తిట్లను, సత్కారమును కూడ చేర్చినారు. చేయి చాచి అడుగవలసివచ్చుట ఎంత బాధయో, గౌరవము దొరకుట, దొరకకపోవుట కూడ అంత పరీక్షయే అని అర్థము. గౌరవమును అట్లు పరీక్షగా ఎంచినవాడు అది కొంచెము తగ్గినప్పుడు ఓర్చుకొనగలడు. అది ఆస్తియనుకొన్నవాడు దానిని కాపాడుకొనుటకు అసలు ఆస్తిని కూడ అమ్ముకొనును.

'వర్తకునికి పరపతియే ప్రాణము. ఇబ్బంది ఉన్నదని తానే చెప్పుకొన్నచో రేపు ఎవడు అరువిచ్చును?' అని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న కొట్టిపారవేయదగినది కాదు. వీధి అంతటికి చాటవలసిన పని లేదు. ఎవనికి ఇవ్వవలెనో అతనికి, ఇంటిలో ఎవరి జీవితము దానిపై ఆధారపడియున్నదో వారికి చెప్పవలెను. అదియును వాయిదా దాటక ముందే చెప్పవలెను. ముందుగా చెప్పినవానికి సొమ్ము లేదని మాత్రమే తెలియును. దాచి దొరకినవానికి సొమ్మును లేదు, మాటయును లేదు అని తెలియును. పరపతిని పోగొట్టునది ఈ రెండవదియే.

చెప్పువాని ధర్మము ఇది. వినువానికి కూడ ధర్మము కలదు. సమ్యక్త్వమునకు చెప్పిన ఎనిమిది అంగములలో ఉపగూహనము, స్థితికరణము అని రెండు కలవు. ఇతరుని లోపమును బజారున పెట్టకుండుట ఉపగూహనము. తడబడినవానిని మరల నిలువబెట్టుట స్థితికరణము. గాంధీజీ తండ్రి కాగితము చింపుట మొదటిది, తిట్టక కన్నీరు కార్చుట రెండవది. ఉపగూహనమనగా మోసమును కప్పిపుచ్చుట కాదు, బాకీ మాఫీ చేయుట కూడ కాదు. ఎదుట కూర్చుండబెట్టి లెక్క స్పష్టముగా అడుగవలెను, ఆ లెక్కను ఆ గదిలోనే ఉంచవలెను. ఇండ్లలో తప్పు చెప్పిన పిల్లవానికి మొదట దొరకునది దెబ్బయే అయినచో, వాడు పెద్దవాడై అంగడిలో కూర్చున్న నాడు నష్టము చెప్పడు. ఆ గడియమ్రాను వేసినది వాడొక్కడే కాదు.

శ్వేతాంబరులు సంవత్సరి నాడు, దిగంబరులు క్షమావాణి నాడు అందరిని క్షమాపణ వేడుదురు. ఈ దినములలో ఫోనులో ఒక్క మీట నొక్కిన 'మిచ్ఛామి దుక్కడం' వందలమందికి ఒకేసారి చేరుచున్నది. ఆ వందలలో తొంబదితొమ్మిది మందికి చేసిన అపరాధము ఏమియు ఉండదు, వారికి పంపుటకు సిగ్గును వేయదు. ఎవని పేరు కనబడినప్పుడు వ్రేలు ఆగునో, అతడే అసలు చెప్పవలసినవాడు. అతనికి సందేశము చాలదు. అతని అంగడికి నడచిపోయి, పద్దు పుస్తకము ముందు పెట్టుకొని, ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. మొగము ఎఱ్ఱబడినను పరవాలేదు. వాయిదాలు ఎన్ని అని తేల్చుకొని, కాగితముపై వ్రాసికొని, ఇంటికి వచ్చి ఆ సంగతి ఇంటివారికి కూడ చెప్పవలెను.