పిల్లికి బిచ్చం

పరమలోభిని మనవాళ్ళు 'పిల్లికి బిచ్చం పెట్టడు' అంటారు. ఆ మాట పుట్టించిన మహానుభావుడెవరో గానీ, నెలాఖరులో పిల్లికి జబ్బు చేస్తే ఇల్లాలి అవస్థ ఏమిటో ఆలోచించినట్టు లేదు. గిన్నెలో ఇన్ని పాలు పోయడమూ, రాత్రి పదింటికి ఆటో కట్టించుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తడమూ ఒకటేనా?

మా గండుపిల్లికి కాస్త నలతగా ఉందంటే చాలు, ఇంట్లో రెండు పార్టీలు బయల్దేరతాయి. "పిల్లే కదా, అదే తగ్గుతుందిలే" అని మావారు. "పాపం, ఇప్పుడే తీసుకెళ్దామమ్మా" అని మా అమ్మాయి. పర్సు చేతిలో పట్టుకుని మధ్యన నేను.

కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. గొప్పే, కాదనను. అయితే ఆయనకప్పటికి పాలవాడి బాకీ, పిల్లల ఫీజులూ లేవు. మనకున్నాయి. పిల్లి కోసం పిల్లల ఫీజు ఎగ్గొట్టడం దయ అనిపించుకోదు. అలాగని, డబ్బు లేదు కదా అని పిల్లి వంక చూడకుండా ఉండటం పొదుపూ అనిపించుకోదు.

అసలు చిక్కంతా మనం ముందు వేసుకునే ప్రశ్నలో ఉందేమో! "దీనికింత ఖర్చు పెట్టొచ్చా?" అని మొదలుపెడతాం. ఖర్చు తప్పించుకోవాలనుకునే మనసుకి ప్రతి రోగమూ చిన్నదిగానే కనిపిస్తుంది. ముందు అడగాల్సింది, "ఇది తెల్లారేదాకా ఆగుతుందా?" అని. దీనికి జవాబు పర్సులో దొరకదు, పిల్లిని చూస్తేనే దొరుకుతుంది.

ఒక్కసారి కక్కుకుని, మళ్ళీ తిని ఆడుకునే పిల్లి ఆగుతుంది. పొద్దున్నే సర్కారు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. గండుపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని, చుక్క రాక మూలుగుతుంటే మాత్రం ఆగదు. మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. నోరు తెరిచి రొప్పుతుంటే అసలే ఆగదు. రెండు రోజులు మెతుకు ముట్టకపోతే లివరు దెబ్బతినొచ్చు. ఇక జ్వరమేమోనని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క దాని నోట్లో వేయబోయేరు! మనకది మందు, పిల్లికి విషం.

ఇంత చూశాక డబ్బు మాట. "నా దగ్గర ఇంతే ఉందండీ, ఇవాళ తప్పనిసరిగా చేయాల్సిందేమిటి?" అని డాక్టర్నే అడగొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇక బతకదని ఆయనే చెబితే, నొప్పి తెలియకుండా సాగనంపమని అడగొచ్చు. కన్నీళ్ళతో అడిగినా, అదీ దయే.

మూగజీవాల పట్ల కారుణ్యం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు. ఎన్ని రూపాయల కారుణ్యమో మాత్రం రాయలేదు. రాయకపోవడమే మంచిదయింది. తాహతు ఇంటింటికీ మారుతుంది. చూడాల్సిన బాధ్యత మారదు. జబ్బుచేసిన పిల్లి అరిచి చెప్పదు, మంచం కింద మూలకి పోయి నక్కుతుంది. నడుం వంచి ఆ మూలకి చూడటానికి పైసా ఖర్చు లేదు. అయినా చాలా ఇళ్ళల్లో కరువయ్యేది ఆ చూపే.