ఆఖరిసారి ముట్టుకున్నవాడు

జులైలో ఒక ఆదివారం, జనగామలో మా ఇంటి ముందు నలభై కిక్కులు కొట్టాక నాకు కోపం వచ్చింది. బండి మీద కాదు, రెండు వారాల క్రితం దానికి సర్వీసింగ్ చేసిన కుర్రాడి మీద.

బండి యమహా ఆర్‌ఎక్స్ 100. 2018లో ఆ పేరుతో సినిమా వచ్చాక బండి నడపనివాళ్లకి కూడా పేరు తెలిసింది గానీ, మన దేశంలో ఆ బండి తయారైంది 1985 నుంచి 1996 వరకే. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 11 హార్స్‌పవర్, వంద కిలోలకి కాస్త ఎక్కువ బరువు. మా చిన్నప్పుడు స్పోర్ట్స్ కారంటే గోడ మీది పోస్టర్. చేత్తో ముట్టుకోగలిగిన స్పోర్ట్స్ బండి ఇదే. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేసేటప్పుడు మా బాపు కొన్నాడు. మొదటి షిఫ్టుకి తెల్లారకముందే ఆయన కొట్టే కిక్కు చప్పుడే మాకు అలారం. రిటైరయ్యాక జనగామ వచ్చేశాం, బండినీ తెచ్చుకున్నాం. ఇప్పుడు బాపు లేడు, బండి ఉంది.

కార్బొరేటర్ కడగమని ఇస్తే ఆ కుర్రాడు కడిగాడు. తర్వాత రెండు వారాలకి ఆగిపోయింది. ఇంకేం కావాలి? షాపుకెళ్లి, నలుగురు కస్టమర్ల ముందు, "కడిగినోడికి బిగించడం రాలేదు" అన్నాను. ఓనరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎనిమిది వందలు తిరిగిచ్చి, "వీని జీతంల కోస్త తియ్" అన్నాడు. తీసుకున్నాను. కుర్రాడు ఏమీ అనలేదు.

నేను రాసేది సాఫ్ట్‌వేర్. మాకు 'గిట్ బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంది. కోడ్‌లో ఏ లైనుని చివరగా ఎవరు మార్చారో చూపిస్తుంది. పేరులో నింద ఉంది గానీ అది చెప్పేది చివరి చెయ్యి ఎవరిదన్నంత వరకే. ఆ లైను వల్లే ప్రోగ్రాం పడిపోయిందో లేదో దానికి తెలీదు. ఈ మాట జూనియర్లకి నేనే చెప్తుంటాను. 'చివరగా ఏం మారింది?' అన్నది మంచి ప్రశ్నే, వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. నేను అక్కడ మొదలుపెట్టి అక్కడే ఆపేశాను.

మహబూబాబాద్‌లో ఉండే మా మేనమామకి ఫోన్ చేస్తే, "అంతా ఇథనాల్ కలిపిన పెట్రోల్ మాయ" అని తేల్చేశాడు. ఆయనదీ పరీక్షించని ఊహే. కాకపోతే ఇథనాల్‌కి జీతంలో కోత పడదు. మానుకోటలో టూ స్ట్రోకులు మాత్రమే పట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడని కూడా మామే చెప్పాడు. టాటా ఏస్‌లో బండి వేసుకుని వెళ్లాను.

పెద్దాయన కథంతా వినలేదు. ప్లగ్గు విప్పి, ఇంజన్‌కి ఆనించి, కిక్కు కొట్టమన్నాడు. నీలంగా కరెంటు వచ్చింది. కార్బొరేటర్ గిన్నె విప్పితే నిండా పెట్రోలు, జెట్లు శుభ్రంగా ఉన్నాయి. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల పెట్రోలు పోసి మళ్ళీ బిగించి కిక్కు కొడితే రెండుసార్లు అంటుకుని ఆరిపోయింది. "చూసినవా సారు? పైన నిప్పుంది, కింద పెట్రోలుంది. నడుమల మోసేటోడు లేడు."

టూ స్ట్రోక్‌లో ఆ మోసే పని క్రాంక్ గదిది. పిస్టన్ పైకి లేస్తే ఆ గది పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తుంది, కిందికి దిగితే సిలిండర్‌లోకి నెడుతుంది. క్రాంక్‌కి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిగా ఉంటేనే ఆ పీల్చుడు కుదురుతుంది. పెద్దాయన మ్యాగ్నెట్ విప్పితే దాని వెనక నూనె తడి. రబ్బరు సీలు గట్టిపడి, పెదవి పగిలి ఉంది. కార్బొరేటర్ దారిన కాకుండా అక్కడ నుంచి ఉత్త గాలి పోతోంది. అది ఒక్క రోజులో జరిగింది కాదు. ఏళ్ల తరబడి బండిని తిప్పకుండా మూలకి పెట్టిన నా వాటా కూడా అందులో ఉండొచ్చు.

పాత న్యాయశాస్త్రంలో కుమ్మరి గాడిద ఉదాహరణ ఒకటి ఉంది. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండ కంటే ముందే అక్కడ ఉంది. అంతమాత్రాన కుండకి అది కారణం కాదు. ముందు ఉండటం చాలదు. అది ఉంటే ఇది ఉండాలి, అది లేకపోతే ఇది ఉండకూడదు. పెద్దాయన నాలుగు చుక్కలతో చేసింది ఆ పరీక్షే. నేను చేసింది గాడిదని పట్టుకోవడం. తర్కం చెప్పే ఆ దర్శనం పేరూ, కోర్టులో మనం అడిగేదాని పేరూ తెలుగులో ఒకటే: న్యాయం. ఇన్నాళ్లూ దీన్ని మాట కలవడం అనుకున్నాను. ఆ ఎనిమిది వందలు జేబులో పెట్టుకున్నాక అలా అనిపించట్లేదు. కోడ్ విషయంలో తప్పు ఊహ చేస్తే ఆ మార్పుని వెనక్కి తీసేయొచ్చు. నలుగురి ముందు ఒక మనిషి పనితనం మీద వేసిన మాటని ఎలా తీస్తాం?

నన్ను ఇంకా కుదిపింది వేరే ఉంది. మానుకోట నుంచి తిరిగొస్తుంటే దారిలో గుర్తొచ్చింది. సర్వీసింగ్ రోజు బండి తాళం ఇస్తూ ఆ కుర్రాడు అన్నాడు: "సార్, స్లోల పెడితే నిలుస్తలేదు, రేజ్ అయితాంది. యాడ్నో గాలి గుంజుతున్నట్టుంది." సీలు పోతోందనడానికి అంతకంటే మంచి గుర్తు ఉండదు. నేను ఫోన్ చూసుకుంటూ 'ఆఁ సరే' అన్నాను.

నమ్మదగిన మనిషి మాట కూడా జ్ఞానానికి ఒక దారే అని నైయాయికులు ఒప్పుకున్నారు. అలాంటి మనిషి ఎవరు? విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అని వాత్స్యాయనుడి భాష్యం. అంతమంది ఉన్న ఆ లెక్కలో పద్దెనిమిదేళ్ల మెకానిక్‌కి చోటు లేదని నేనెప్పుడు నిర్ణయించుకున్నాను? అదే మాట గొంతుకి కంపెనీ బ్యాడ్జి వేసుకున్న ఇంజనీరు చెప్పుంటే నోట్సు రాసుకునేవాణ్ణి. తెలియక పొరబడ్డానని చెప్పుకుందామంటే కుదరదు. తెలిసే అవకాశం నా ముందుకొచ్చి నిలబడింది. ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసి పక్కకి నెట్టేశాను. ఇది తర్కంలో తప్పు కంటే ముందు జరిగిన తప్పు.

మర్నాడు షాపుకి వెళ్లాను. ఎనిమిది వందలు కుర్రాడి చేతికిచ్చి, తప్పు నాదని ఓనరు వినేలా చెప్పాను. ఆ రోజున్న నలుగురు కస్టమర్లు లేరు. వాళ్ల దగ్గర ఆ మాట అలాగే ఉండిపోయింది. కుర్రాడు డబ్బులు చూడలేదు.

"ఏ దిక్కు సీలు సార్?" అన్నాడు.

"మ్యాగ్నెట్ దిక్కు."

"గదే అనుకున్న," అని మళ్ళీ పనిలో పడ్డాడు. మూడు వారాలుగా అతను కారణం కోసం చూస్తున్నాడు. నేను మనిషి కోసం చూశాను.