మూడు పుస్తకాల కొట్టు

గుంటూరు వైపు మిర్చి పండే ఒక ఊళ్లో ఎరువుల కొట్టు షావుకారు ఉండేవాడు. ఆయనకు ఒకటే అరువు పుస్తకం. రైతు ఏం పట్టుకెళ్లినా పేరు, ఊరు, ఫోన్ నంబరు, సరుకు, ధర, బస్తాలు అన్నీ ఒకే వరసలో గుమాస్తా ఎక్కించేవాడు. పదిసార్లు వచ్చిన రైతుకు పదిసార్లూ అదే ఊరు, అదే ఫోను. వెంకటేశ్వర్లు ఒకచోట వెంకటేశ్వర్లు, ఇంకోచోట వెంకటేశు, రద్దీగా ఉన్న రోజు ఉత్త వెంకి. ఒకడు ఫోను మార్చుకుంటే గుమాస్తా రెండు వరసల్లో దిద్ది మిగతావి మరిచాడు. ఒక వెంకటేశ్వర్లు బాకీ ఇంకో వెంకటేశ్వర్లును అడిగి షావుకారు నలుగురిలో మాటపడ్డాడు.

గుమాస్తా పెద్దవాడై మానుకున్నాక, డిగ్రీలో కంప్యూటర్లు చదివిన అతని కూతురు లెక్కలు పట్టింది. మూడు పుస్తకాలు తెప్పించింది. మొదటిదాంట్లో రైతులు. ఒక్కొక్కరికి ఒక నంబరు, ఆ నంబరు మరెవరికీ ఇవ్వరు. రెండోదాంట్లో సరుకులు, వాటి నంబర్లు, ధరలు. మూడోదాంట్లో అమ్మకాలు: తేదీ, రైతు 41, సరుకు 7, బస్తాలు 3. అంతే. కొత్త రైతు వస్తే ముందు మొదటి పుస్తకంలోకి ఎక్కాల్సిందే, లేకపోతే మూడోదాంట్లో రాయనిచ్చేది కాదు.

"ఈ ఏడు మన గుమ్మం తొక్కనివాళ్లెవరమ్మా?" అన్నాడు షావుకారు ఒకరోజు.

ఆ పిల్ల అమ్మకాల పుస్తకం ముందు తెరవలేదు. రైతుల పుస్తకం పరిచి, ఒక్కో నంబరూ అమ్మకాల్లో ఉందో లేదో చూసుకుంటూ పోయింది. రానివాడి పేరు అమ్మకాల్లో ఎంత వెతికితే మాత్రం దొరుకుతుందా!

అంతా బాగుందనుకుంటుండగా కాంప్లెక్సు బస్తా ధర 1,300 నుంచి 1,450కి పెరిగింది. రెండో పుస్తకంలో ఒక్కచోట కొట్టేసి దిద్దింది. ఉగాదికి లెక్క తీర్చడానికి వచ్చిన 41వ నంబరు రైతుకు మూడు బస్తాల బాకీ 4,350 అని తేలింది. అతను జేబులోంచి పాత చీటీ తీశాడు. అందులో 3,900. అతను బస్తాలు తీసుకెళ్లింది ధర పెరగకముందు.

ఆ సాయంత్రమే ఆమె అమ్మకాల పుస్తకంలో ఇంకో గడి గీసింది: ఇచ్చిన ధర.

"ధర రెండో పుస్తకంలో ఉందిగా? ఒకే సంగతి రెండుచోట్ల రాయొద్దన్నది నువ్వేగా?" అన్నాడు షావుకారు.

"రెండూ ఒకటి కాదండీ. అది సరుకు ఇవాళ్టి ధర. ఇది ఆ రోజు మనం ఒప్పుకున్న ధర."

నీతి: ఏ సంగతినైనా ఒక్కచోటే రాయాలి. రాసేముందు అది ఎవరి సంగతో తేల్చుకోవాలి.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో అచ్చయిన వ్యాసంలో, సమాచారాన్ని ఇలాంటి పట్టికల్లో దాచే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించాడు. ఆ మోడల్ మీద వచ్చిన డేటాబేసుల్లో ఈ కొట్టు పనులన్నింటికీ పేర్లున్నాయి. ఒక్కో పుస్తకం ఒక టేబుల్. రైతు నంబరు ప్రైమరీ కీ. అమ్మకాల్లో రాసిన అదే నంబరు ఫారిన్ కీ. రైతుల పుస్తకం ముందు పెట్టుకుని చూడటం లెఫ్ట్ జాయిన్. పుస్తకాన్ని మూడుగా విడగొట్టడం నార్మలైజేషన్. మన కుర్రాళ్లు మొదటి, రెండో, మూడో నార్మల్ ఫారాలను పరీక్షకు బట్టీ పట్టి, అదే ఊపులో అమ్మకపు ధరనూ పీకేస్తుంటారు. ఆ తర్వాత డేటాబేసును అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో మొత్తం బాకీ అడిగితే కంప్యూటరు ఏ తప్పూ చూపదు, 4,350 అనే చెబుతుంది. పాత చీటీ దాచుకున్న రైతు ప్రతిచోటా ఉండడు.

నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. మొదటి టేబుల్ కట్టేముందు తెల్లకాగితం మీద గడులు గీయండి. ఒక్కో గడి పక్కన, ఇది రేపు మారితే నిన్నటి లెక్క మారాలా వద్దా అన్నది రాసుకోండి.